దర్వాజ కింద ఆయన, కోట మీద నేను

మా ఆయన చిన్నప్పుడు ఒక్కసారి హైదరాబాద్ చూశాడు. వాళ్ల నాయన చీరల మూట అప్పజెప్పడానికి పోతూ వెంటబెట్టుకుని పోయాడట. ఆ ఒక్క పూట చూసిన దాంతో నా ముందు ఏళ్లకేళ్లు దర్జా వెలగబెట్టాడు. చార్మినార్ కింద నిలబడి పైకి చూస్తే తల మీది టోపీ కింద పడుతుందనేవాడు. నీ తల మీద టోపీ ఎప్పుడుంది అని అడిగితే, ఉంటే పడేది కదా అనేవాడు. మాటల్లో ఆయన్ని గెలవడం కష్టం. మనిషి మాత్రం మెత్తన.

నాకు హైదరాబాద్ పిచ్చి పెళ్లికి ముందు నుంచే ఉంది. మా పుట్టిల్లు అమరచింత. అదీ నేతపని ఇల్లే. నేను బడిలో పెద్ద తరగతికి వచ్చిన ఏడు, మా సార్లు పిల్లలందరికీ చార్మినార్, గోల్కొండ చూపిస్తామని బస్సు మాట్లాడారు. నేనూ పోతానని ఊరంతా చెప్పుకున్నాను. తీరా ఆ రోజు పొద్దున మా పడుగుకు గంజి పెట్టే వంతు వచ్చింది. చీర పొడుగుపోగులన్నిటినీ కలిపి పడుగు అంటాం. దాన్ని వీధి పొడవునా చాచి కట్టి, గంజి పూసి, ఎండ ముదరకముందే ఏ పోగుకు ఆ పోగు విడిపోయేలా కుంచెతో దువ్వాలి. ఇంట్లో ఒక్క చేయి తగ్గినా పోగులు అంటుకుపోయి పడుగంతా పాడవుతుంది. మా అమ్మ నన్ను అడగనైనా అడగలేదు, కుంచె తెచ్చి చేతిలో పెట్టింది. బస్సు మా వీధి మలుపు దాకా వచ్చింది. అడ్డంగా ఉన్న పడుగును చూసి, హారన్ కొట్టి, వెనక్కి మళ్లి వేరే దారిన పోయింది. కిటికీల్లోంచి పిల్లలు చేతులూపారు. నేను ఊపలేదు, నా చేతులకు గంజి ఉంది. ఆ కోపం నాకు ఇప్పటికీ కొంచెం మిగిలే ఉంది.

పెళ్లయి గద్వాల వచ్చాక ఆ కోరిక మా ఆయన ముందు పెట్టాను. గద్వాల కూడా ఒకప్పుడు రాజధానే, ఒక సంస్థానానిది. ఊరి నడుమ కోట, కోటలో చెన్నకేశవస్వామి గుడి, ఆ పక్కనే కాలేజీ పిల్లల సైకిళ్లు. పట్నం ఎప్పుడు చూపిస్తావంటే ఆయన చేయెత్తి మా కోట బురుజు వైపు చూపేవాడు. "మనకు లేదా కోట?" అనేవాడు. నేను ముఖం మాడ్చుకుంటే, సరేలే, ఈ పడుగు కానీ, పోదాం అనేవాడు.

ఈ పడుగు కానీ అన్న మాటలో ఉన్న మోసం మా నేతవాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లకే తెలుస్తుంది. పడుగు అయిపోతే మగ్గానికి సెలవు. మగవాళ్లు చాయ్ హోటల్ దగ్గర కూర్చుంటారు, సోమశిలకో అలంపురానికో పోయొస్తారు. మాకు అసలు పని అప్పుడే మొదలవుతుంది. కొత్త నూలు తడపాలి, ఆరబెట్టాలి, రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టాలి. ఆ పని తీరేసరికి మగ్గం మళ్లీ సిద్ధం. ఆయనకు తీరిక ఉన్నప్పుడు నాకు ఉండదు, నాకు తీరేసరికి ఇద్దరమూ మగ్గం మీదే. ఇట్లా ఎన్ని పడుగులు పోయాయో లెక్క పెట్టడం కూడా మానేశాను.

ఇద్దరమూ అని ఎందుకన్నానంటే, మా చీర ఒక్క మనిషితో అయ్యేది కాదు. చీర ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆయన నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు వేసి, గట్టు మీద కూర్చుని నేస్తాడు. నేను ఆయనకు కుడిపక్కన పీట మీద కూర్చుని అంచు పట్టు ఉన్న నాడెను, అంటే పోగును మోసుకుపోయే పడవలాంటి చిన్న చెక్కను, లోపలికి తోస్తాను. ఎడమ అంచు ఆయనే చూసుకుంటాడు. నా నాడె, ఆయన నాడె కలిసిన చోట పట్టూ నూలూ ఒకదాన్నొకటి మెలేసుకోవాలి. అట్లా కుదరాలంటే ప్రతి వరసకూ ఆయన ఒక్క క్షణం ఆగాలి, నా చేయి వచ్చి పోవాలి. ముందు కాలితొక్కుడు చప్పుడు ఒకటి. తర్వాత ఆగడం. తర్వాత పోగును బిగించే జంటదెబ్బ. వీధిలో పోయేవాళ్లకు దెబ్బ వినపడుతుంది కానీ నడుమ ఆగిన సంగతి వినపడదు. కోపతాపాలున్న రోజుల్లో, మేం మాట్లాడుకోని రోజుల్లో కూడా, ఆయన నా చేయి కోసం ఆగాల్సిందే. మా సంసారం సగం అట్లాగే నిలబడిందని నా అనుమానం.

మా ఇళ్లల్లో ఇంకో పద్ధతి ఉంది. పడుగు అయిపోయి చివరి చీర కోసుకున్నాక మగ్గాన్ని పూర్తిగా ఉత్తి చేయరు. పాత పడుగు కొసలను జానెడంత అచ్చులోనే వదిలేస్తారు. అచ్చు అంటే పోగులన్నీ దూరి ఉండే పెద్ద దువ్వెన లాంటిది. కొత్త పడుగు రాగానే వేళ్లకు బూడిద అద్దుకుని, పాత కొసకు కొత్త పోగును ఒక్కొక్కటే మెలేసి అతుకుతాం. నేను అందిస్తుంటే ఆయన అతికేవాడు, ఆయన వేళ్లు నొప్పెడితే నేను అతికేదాన్ని. మేం ఒకే రకం చీర నేసేవాళ్లం కాబట్టి అచ్చు మారలేదు. మా మామ మొదటిసారి మగ్గానికి ఎక్కించిన పడుగుకు రెండోది అతికింది, రెండోదానికి మూడోది. అట్లా ఆ పోగులు మా ఇంట్లో ఎన్నడూ తెగలేదు. మామ పోయినప్పుడు మగ్గం ఆగింది కానీ పోగులు తెంపలేదు.

రెండువేలు దాటి నాలుగైదేళ్లు అయి ఉంటుంది, మా ఆయన మోకాళ్లు పాడయ్యాయి. వానాకాలం గుంతలో చెమ్మ ఊరుతుంది. అందులోనే కాళ్లు పెట్టుకుని కూర్చుని కూర్చుని, లేవాలంటే రెండు చేతులూ గట్టుకు ఆనించి, నా భుజం పట్టుకుని లేచే పరిస్థితి వచ్చింది. దవాఖానలో చూపిస్తే డాక్టర్ ఫోటో తీయించి, ఇంక గుంతలో దిగొద్దన్నాడు. దిగితే కొన్నాళ్లకు నడక కూడా ఉండదన్నాడు. మా ఆయన డాక్టర్ చెప్పిందంతా విని, ఈ పడుగు మటుకు పూర్తి చేస్త సార్ అన్నాడు. డాక్టర్‌కు ఆ మాట అర్థం కాలేదు. నాకు అర్థమైంది, నేను తిట్టాను.

ఆ పడుగు పూర్తయిన వారంలోనే హైదరాబాద్ నుంచి కబురొచ్చింది. మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్న, అక్కడ ఒక చీరల దుకాణంలో పనిచేసేవాడు, కార్వాన్‌లో ఉండేవాడు. చీర సంగతి తెలిసిన మనిషి కావాలని వాళ్ల దుకాణంలో అడుగుతున్నారన్నాడు. నిలబడి చీరలు విప్పి చూపించే పని. సోమవారం వచ్చి కనపడి, చేరేదీ లేనిదీ చెప్పాలి. చేరితే మగ్గం తీసేయాలి, ఊరు వదలాలి.  రెండు రోజుల తర్వాత మా ఆయన, ఎట్లాగూ పోవాలి కదా, ఆదివారం నీకు పట్నమంతా చూపిస్తానన్నాడు. మరి చేరే సంగతి ఏమంటావని అడిగితే, "నువ్వేమంటే గదే" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. అంత బరువు నా మీద పెట్టి మనిషి నిద్రపోయాడు.

చిన్నప్పటి నుంచి కోరుకున్న ప్రయాణం నాకు అట్లా దొరికింది. మగ్గం మీద పాత కొసలే ఉన్నాయి. కండెలు చుట్టే పని లేదు, ఎందుకంటే కొత్త నూలు తెచ్చుకోలేదు. పెళ్లయిన తర్వాత ఇద్దరికీ ఒకేసారి తీరిక రావడం అదే మొదలు. సంతోషించాలో ఏడవాలో నాకు తెలియలేదు. రైలు కృష్ణ మీదికి వచ్చినప్పుడు దండం పెట్టుకున్నాను కానీ ఏం కోరాలో తోచలేదు. ఆ ఏడు నీళ్లు ఆలస్యమై, నది నడుమ రాళ్లు తేలి ఉన్నాయి. మా ఆయన కిటికీ పక్కన కూర్చుని వనపర్తి రోడ్డు స్టేషన్ వస్తే చెప్పు, మిరపకాయ బజ్జీలు బాగుంటాయి అన్నాడు. వచ్చింది, చెప్పాను, ఆయన దిగలేదు.

ఆదివారం పొద్దున్నే చార్మినార్ పోయాం. ఉన్నది ఉన్నట్టు చెబితే, బస్సు దిగి చూడగానే అది నాకు చిన్నగా కనపడింది. ఇన్నేళ్లు ఆయన చెప్పీ చెప్పీ నా లోపల దాన్ని ఇంకా ఎత్తు కట్టేశాడు. ఇంతేనా అన్నాను. ఆయన నన్ను తీసుకుపోయి సరిగ్గా నడుమ, కమానుల కింద నిలబెట్టి, ఇప్పుడు చూడు అన్నాడు. తలెత్తి చూశాను. పైన సున్నపు పూలపని, చుట్టూ కమానులు, రెక్కలు కొట్టుకుంటూ పావురాలు. ఆటోల మోత, అత్తరు వాసన, ఇరానీ చాయ్ వాసన. గంజి చేతులతో నిలబడిన పిల్ల నాలో ఇంకా ఉన్నట్టుంది, కళ్లు నిండాయి. పైకి మెట్లున్నాయన్నారు. మెలికలు తిరిగిన ఇరుకు మెట్లు. ఆయన మోకాళ్లకు అవి పనికిరావు. నువ్వు ఎక్కి రాపో అన్నాడు. ఒక్కదాన్ని ఎక్కి ఏం చూడాలి అని కసిరాను.

ఆ గుంపుల్లో నడవడం మాకు రాలేదు. ఆయన నన్ను బండ్లకు దూరంగా ఎడమపక్కకు నెట్టేవాడు. నాలుగు అడుగులు వేయగానే నేను నాకు తెలియకుండానే ఆయన కుడిపక్కకు వచ్చేసేదాన్ని. మగ్గం మీద నా చోటు అదే కదా. ఒక ఆటో డ్రైవర్ బ్రేక్ కొట్టి, అమ్మా ఏదో ఒక పక్కన నడువు అని విసుక్కున్నాడు. మా ఆయన నవ్వాపుకోలేకపోయాడు.

లాడ్ బజార్‌లో లక్కగాజులు చూశాను. అద్దాలు పొదిగిన ఎర్రగాజులు, దీపాల కింద ధగధగలాడుతున్నాయి. దుకాణం అతను నా కుడిచేయి పట్టుకుని, ఇదేందమ్మా ఒక్క గాజేనా అన్నాడు. నాడె తోసే చేతికి మేం నిండుగా గాజులు వేసుకోం, పోగులు పట్టుకుంటాయి. అమరచింతలో మా అమ్మ చేయీ అంతే, గద్వాలలో మా అత్త చేయీ అంతే. వద్దులే అని చేయి వెనక్కి తీసుకున్నాను. మా ఆయన గాజుల వైపే చూస్తూ, "ఇంకేంది, ఇప్పుడు ఏసుకోవచ్చు గదా" అన్నాడు. అన్నాక తనే ఆగిపోయాడు. నేను ఆయన ముఖం చూడలేదు. గాజులు కొనలేదు. దుకాణం అతను ధర తగ్గిస్తానని వెనక నుంచి పిలుస్తూనే ఉన్నాడు, మేం మాత్రం బజారు చివరిదాకా పోయాం.

అక్కడి నుంచి సాలార్‌జంగ్ మ్యూజియం. అందరిలాగే మేమూ గడియారం ముందు కింద కూర్చుని, లోపలి చిన్న మనిషి బయటికొచ్చి గంట కొట్టేదాకా ఎదురుచూశాం. వాడు వచ్చాడు, కొట్టాడు, పోయాడు. ఆ గదులన్నీ తిరుగుతూ ఒకచోట జరీ బట్టలున్న అద్దాల పెట్టె ముందుకు వచ్చాం. బట్ట కనపడితే మా చేయి ఊరుకోదు. ముందు వైపు ఎవరైనా బాగానే చూపిస్తారు. మాకు వెనక్కి తిప్పి చూడందే బట్ట చూసినట్టు కాదు. మా ఆయన అలవాటు చొప్పున వంగి, మెడ తిప్పి, బట్ట అడుగు వైపు చూడబోయి ఠంగుమని నుదురు అద్దానికి కొట్టుకున్నాడు. గదిలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. కాపలా మనిషి పరుగెత్తుకొచ్చి, అద్దం పగలలేదని చూసుకుని, దెబ్బ తగిలిందా పెద్దాయనా అని అడిగాడు. బయటికి వచ్చాక నుదురు రుద్దుకుంటూ, వెనకవైపు కనపడలేదు అన్నాడు. నేను కడుపు పట్టుకుని నవ్వాను. చాలా రోజుల తర్వాత అంత నవ్వాను. అంత నవ్వులోనే, ఇంక ఈ మనిషి ఒళ్లో అప్పుడే మగ్గం నుంచి కోసిన పచ్చి చీర పరుచుకుని వెనకవైపు చూసుకునే రోజులు ఉండవు కదా అని తట్టింది. నవ్వు అక్కడ ఆగింది.

గోల్కొండ చేరేసరికి పొద్దు వాలుతోంది. బాలాహిసార్ దర్వాజ దాటగానే కమాను కింద జనం గుంపుగా నిలబడి చప్పట్లు కొడుతున్నారు. ఇక్కడ కొడితే అదిగో ఆ కొండ మీద, కొసన ఉన్న రాజుగారి మండపంలో వినపడుతుందని ఒక గైడు చెబుతున్నాడు. శత్రువులు వస్తే కబురు తెలియడానికి అట్లా కట్టారట. మా ఆయన పైకి చూశాడు. మెట్లు, మెట్ల మీద మెట్లు. మనుషులు అంత పైన చిన్న చిన్నగా కదులుతున్నారు. ఆయన ఎక్కలేడని నాకు తెలిసిపోయింది, నేను కూడా ఎక్కను అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. చిన్నప్పటి నుంచి ఏడుస్తున్నవు, ఎక్కి రా అన్నాడు. నేను కదలకపోతే మెల్లగా అన్నాడు:

"నువ్వు పైకి పో. నేను ఈడ చప్పట్లు కొడ్త. ఇను."

ఇంతమంది కొడుతున్నారు, నీది ఏదో ఎట్లా తెలుస్తుందన్నాను.

"తెలుస్తది పో," అన్నాడు.

ఎక్కాను. దారిలో రెండు మూడు చోట్ల కూర్చున్నాను. నా మోకాళ్లు బాగానే ఉన్నాయి, మనసే వెనక్కి లాగుతోంది. పైకి చేరేసరికి గాలి గట్టిగా కొడుతోంది. ఒకవైపు కుతుబ్‌షాహీ గుమ్మటాలు, ఒకవైపు ఇళ్లే ఇళ్లు, ఆ ఇళ్ల ఆవల ఎక్కడో పొగమంచులాంటి దుమ్ములో చార్మినార్ ఉంటుందని ఎవరో చెప్పుకుంటున్నారు. నేను పట్నం వైపు చూడలేదు. గోడ పక్కన నిలబడి కిందికి చెవి పెట్టాను. చప్పట్లు వస్తున్నాయి. చాలా చిన్నగా, కానీ పక్కనే ఎవరో కొట్టినట్టు స్పష్టంగా. పిల్లలవి గబగబా. ఎవరిదో ఒక్కటే పెద్దది. పక్కన ఒకామె వాళ్ల ఆయనదని మురిసిపోయింది, నాకు నవ్వొచ్చింది. చప్పట్లలో ఎవరివి ఎవరివో ఎట్లా చెప్పగలరు.

అప్పుడు వినపడింది. ఒకటి. తర్వాత ఏమీ లేదు. తర్వాత జంటగా రెండు. మళ్లీ ఒకటి, మళ్లీ ఏమీ లేదు, మళ్లీ రెండు.

అది మా మగ్గం. నడుమ ఏమీ లేని చోట ఉన్నది నా చేయి. నా కొలతే, నా చేయి వచ్చి పోయేంత సేపే. ఎవరో కొట్టిన చప్పట్లు దాని మీద పడుతున్నా, పిల్లలు అరుస్తున్నా, అది తప్పకుండా అట్లాగే నడుస్తోంది. నా కుడిచేయి దానంతట అదే ముందుకు కదిలింది. పక్కనున్నామె వింతగా చూసింది. నేను ఏడ్చాను. దాచుకోలేదు కూడా, అక్కడ నన్ను ఎరిగినవాళ్లు ఎవరున్నారు. హైదరాబాద్ చూడాలని ఇన్నేళ్లు ఎదురుచూసి, రాజులు కూర్చున్న చోటికి ఎక్కి, నాకు చూడాలనిపించింది గద్వాలలో మా ఇంటి మూలనున్న గుంత.

దిగి వచ్చేసరికి ఆయన కమాను పక్కన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అరచేతులు ఎర్రబడ్డాయి.

"ఇనవడ్డదా?" అన్నాడు.

"ఇనవడ్డది," అన్నాను.

 చెప్పేద్దామనుకున్నాను, పోదాం పా, గద్వాల పోదాం, రేపు ఆ దుకాణం వద్దు అని. మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆయన లేవడానికి చేయి అరుగుకు ఆనించాడు. లేవలేకపోయాడు. గోడ పట్టుకుని, ఒక కాలు చాచి, పళ్లు బిగబట్టి, మళ్లీ ప్రయత్నించాడు. నేను భుజం ఇచ్చాను. ఆయన బరువంతా నా మీదికి వచ్చాక, రేపు పోయి ఒప్పుకో అన్నాను. పట్నం నచ్చిందా అని అడిగాడు. నచ్చింది అన్నాను. కోట బయట మక్కకంకులు కాలుస్తుంటే కొనుక్కుని, బస్సు కోసం నిలబడి తిన్నాం.

సోమవారం అన్నతో కలిసి దుకాణానికి పోయి మధ్యాహ్నానికి వచ్చాడు. కుదిరిందట, రేపటి నుంచే రమ్మన్నారట. ఊరికి పోయి మగ్గం తీసే పని నువ్వే చూసుకోవాలె అన్నాడు. ఒక్కదాన్నే అంత పని ఎట్లా చేసేదని గొడవపడ్డాను. దుకాణం వాళ్లను నాలుగు రోజులు ఆగమనలేవా అన్నాను. పెద్ద దుకాణం, ఆగరు అని తల దించుకున్నాడు. ఆ రాత్రి కూడా అన్న వాళ్లింట్లోనే పడుకున్నాం. మర్నాడు ఒంటరిగా రైలెక్కాను.

గద్వాలలో మాది అద్దె ఇల్లు. మగ్గం చెక్క, అచ్చు అన్నీ మా వీధిలోనే ఉన్న ఇంకో నేతాయనకు ఇస్తామన్నాం. ఆయన పొద్దున వచ్చి, పైతాళ్లు విప్పి, పక్కల చెక్క దించాడు. అచ్చు దగ్గరికి వచ్చేసరికి వేలాడుతున్న పాత కొసలను చూసి చేయి వెనక్కి తీసుకున్నాడు. అన్న రాలేదా అని మా ఆయన గురించి అడిగాడు. రాలేదన్నాను.

"అతికినోళ్లే తెంపాలె వదినా. నేను ముట్ట," అన్నాడు.

అతికినవాళ్లలో నేనూ ఉన్నాను. కత్తెర తెచ్చుకుని నా పీట మీద కూర్చున్నాను. పట్టు కొసలు మెరుస్తున్నాయి, నూలు కొసలు గంజితో గరుగ్గా ఉన్నాయి. ఒక్కొక్కటిగా అతికినవి, ఒక్కొక్కటిగా తెంపాలంటే నా వల్ల కాదు. పిడికెడు పట్టుకుని కోశాను. నూలుపోగు కోస్తే చప్పుడేముంటుంది అనుకుంటాం. పిడికెడు కలిపి కోస్తే ఉంటుంది. ఆ నేతాయన వాకిట్లోకి పోయి నిలబడ్డాడు. నాకు మా ఆయన మీద పట్టరానంత కోపం వచ్చింది. ఇది ఆయన తాతల పని, ఆయన నాయన ఎక్కించిన పడుగు. ఈ కత్తెర నా చేతిలో పెట్టి, తను ఎవరికో చీరలు విప్పి చూపిస్తున్నాడు. కోపంతోనే మిగతావి కోశాను. కోపం లేకపోతే కోయలేకపోయేదాన్ని. కొసలన్నీ ఊడ్చి మూట కట్టి కృష్ణలో కలపమని ఆ నేతాయనకే ఇచ్చాను. ఇల్లుగలాయన మనిషిని పెట్టి మన్ను పోయించి గుంత పూడ్పించాడు, నీళ్లు చల్లించి దిమ్మిసకొట్టించాడు. వారం గడిచేసరికి నేను ట్రంకుపెట్టెతో మళ్లీ కాచిగూడలో దిగాను. ఆయన స్టేషన్‌కు వచ్చాడు. అయిందా అని అడిగాడు, అయింది అన్నాను. పెట్టె తన చేతికి తీసుకున్నాడు.

కార్వాన్‌లో అన్న వాళ్ల పక్కనే ఒక గది తీసుకున్నాం. ఆయన మోకాళ్లకు కొంచెం నయమైంది. నాకే ఏమీ తోచేది కాదు. పొద్దున వీధి మేల్కొంటుంది, పాలవాడు, నల్లా దగ్గర బిందెలు, బడి ఆటోలు, అన్ని చప్పుళ్లూ ఉంటాయి, మగ్గం చప్పుడు ఒక్కటే ఉండదు. మేడ మీద బట్టలు ఆరేస్తుంటే దూరంగా కొండ మీద కోట కనపడేది. ఎక్కడెక్కడి నుంచో జనం చూడడానికి వచ్చే కోట నాకు రోజూ కనపడుతోంది. నాకు మాత్రం అమరచింత వీధిలో చాచిన పడుగు, గద్వాలలో ఎండకు ఆరేసిన రంగు నూలు, అవి చూడాలని ఉండేది. ఇంత చిన్న కోరిక బయటికి చెబితే నవ్వుతారని చెప్పేదాన్ని కాదు.

బతుకమ్మ పండుగ ముందు ఒకనాడు అన్న భార్య, నేను వాళ్లింట్లో కూర్చుని బియ్యం ఏరుతున్నాం. ఏదో మాటల్లో ఆమె, నువ్వు ఊళ్లో ఉన్న ఆ వారం మా ఇంట్లో మీ ఆయన తిండే సరిగ్గా తినలేదంది. దుకాణంలో పని కొత్త కదా, అందుకేనేమో అన్నాను. దుకాణమా, అందామె. దుకాణం వాళ్లు వారం తర్వాత రమ్మన్నారు కదా, మగ్గం తీసేసి నిమ్మళంగా రమ్మన్నారు. నువ్వొచ్చిన తెల్లారే కదా చేరింది. మరి ఆ వారమంతా ఏం చేశాడని అడిగాను. 

"రోజూ గోల్కొండకు పోయేటోడు. రొట్టె కట్టియ్యమనేటోడు. పొద్దుమీకి వచ్చేటోడు," అంది వదిన. "అంతగనం ఏం జూస్తుండో మరి, మెట్లు సుత ఎక్కలేడాయె."

సాయంత్రం దాకా ఎట్లా గడిచిందో నాకే తెలియదు. గద్వాలలో కత్తెర పట్టుకున్నప్పుడు వచ్చిన కోపం అంతా తిరిగొచ్చింది. ఆయన వచ్చాడు, చెప్పులు విడిచాడు, కాళ్లు కడుక్కున్నాడు. అన్నం పెట్టకుండానే అడిగేశాను, వారం టైమిస్తే నాతో ఎందుకు రాలేదని. అబద్ధం ఎందుకు చెప్పావని. నన్ను ఒక్కదాన్నే ఎందుకు తెంపనిచ్చావని. ఆయన తువాల భుజం మీద వేసుకుని గడపలో కూర్చున్నాడు.

"నేనొస్తే నిన్ను తెంపనియ్యకపోతుంటి," అన్నాడు. "గుంతల దిగి కూసుంటుంటి. మళ్ల నువ్వు లేపాలె."

 మరి కోటకెందుకు పోయావు, అక్కడ ఎవరున్నారని పోయావు అన్నాను.

"నువ్వు పైనున్నవనుకుంట కూసుంటుంటి. జనం తగ్గినంక చప్పట్లు కొట్టేటోణ్ని."

నేను అప్పుడు గద్వాలలో ఉన్నాను కదా, అంత దూరం ఎట్లా వినపడుతుందన్నాను.

తెలుసన్నాడు.